పాతరలో పడుకోబెట్టిన సీసాలు

ఏప్రిల్ 6, 1952

బెంగుళూరు నుంచి వచ్చాను. పరుపుచుట్టలో పన్నెండు సీసాలు. ఫ్రాన్సువి ఎనిమిది, పోర్చుగల్‌వి నాలుగు — ఈ ఏడు కొత్తగా అమ్మకానికి వదిలిన వైన్. మన జిల్లాలో మద్యనిషేధం, చుక్క దొరికినా జైలే. హిందూపురంలో కానిస్టేబులు లాఠీతో పరుపును పొడిచాడు. "ఏముండాదప్పా దీంట్లో?" క్షయ రోగి పరుపు సార్, అన్నాను. లాఠీ చివర నేలకు రుద్దుకుంటూ పోయాడు.

మా ఊరు గార్లదిన్నెలో దిగేదాకా పరుపు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఏప్రిల్ 8

అనంతపురం. ఈ సీసాలు తెప్పించిన ఇంజనీరు సారు ఇల్లు. ఇంగ్లండు సీమలో చదువుకొచ్చిన మనిషి. "పడుకోబెట్టినావా? నిలబెడితే బిరడా ఎండిపోతాది."

పడుకోబెట్టాను, మా పాతరలో, ఇసుక మీద. సారు మేడలో ఎండకు వైన్ ఉడికిపోతుంది. మా ఇంటి ముందు జొన్న పాతర — జొన్నలు దాచే రెండు నిలువుల లోతు గొయ్యి, చల్లగా ఉంటుంది, రెండేళ్ళుగా గింజ లేక ఖాళీ — అని నోరు జారింది నేనే. లేతగా ఉన్నప్పుడే, వదిలిన నెలలోనే కొనాలట. పదేళ్ళు కదపకూడదట. సారుకు అరవై దాటాయి.

ఫిఫ్తు ఫారంలో బడి మానినవాణ్ణి రైలెక్కించే పని ఇదొక్కటే. అందుకే వదల్లేను.

ఏప్రిల్ 15

నాయన సర్కారు కరువు గంజి కేంద్రంలో వరుసలో నిలబడ్డాడు. మొదటిసారి. చెంబు పైపంచె కింద దాచుకుని.

ఏప్రిల్ 19

వరుసలో పక్కింటి నాగప్ప నా వెనకే. "ఏమప్పా, మీ పాతర మూత మీద కొత్త మన్ను మెత్తినారే. పంట లేని ఏట ఏం పూడ్సినారు?" వెనకెవరో — "గంజి ఈడ, జొన్నలు ఆడ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 20

నాయనను ఎవరూ పలకరించడం లేదు.

"లోపల ఏముండాదిరా?"
మందు సీసాలు నాయనా, సారువి.
"ఎవురికి రోగం?"



ఏప్రిల్ 22

సారు దగ్గరికి పోయాను. తీసుకుపొండి అన్నాను. ఈ ఎండలో కదిపితే పాడవుతాయి, వానలు పడనీ, అన్నాడు. తర్వాత మెల్లగా — "ఎవురడిగినా నా పేరు వద్దు." మళ్ళీ, కొనాల్సిన సీసాల కాగితం తీశాడు. జూన్‌లో జర్మనీది వస్తుందట, నేను బెంగుళూరు పోవాలట.

పాతర ఉన్నది నాయన నేలలో. పట్టుకుపోతే నాయననే.

ఏప్రిల్ 24

నాయనే ఊరివాళ్ళకు మాటిచ్చేశాడు. "తెరుసుకోండప్పా. నా పాతరలో గింజ దొరికితే నా మొగాన ఉమ్మండి." రేపు పొద్దున.



ఏప్రిల్ 25, మధ్యాహ్నం

తెరిచారు. మూత బండ లాగగానే నాయన నడుముకు తాడు కట్టుకున్నాడు. "నా పాతర, నేనే దిగుతా." మూసిన పాతరలో విషగాలి ఉంటుందని ఇక్కడ పసిపిల్లకు తెలుసు. ఒక రోజు గాలాడనివ్వాలి. అందుకే అడ్డం పడ్డాను — రేపు దిగుదాం నాయనా.

నాగప్ప: "రేపటికి గింజలు యాడికో పోతాయిలే."
నాయన: "తాడు పట్టుకోండి."

చెప్పేశాను. జొన్నలు లేవు, సీమ వైన్ సీసాలున్నాయి, తెచ్చింది నేనే.

ఎవరూ నమ్మలేదు. "సారాయిని పాతరేస్తారా ఎవురన్నా? తాగుతారు గానీ." నాగప్ప ఒక్కడే నవ్వలేదు. దీపం దించి చూడమన్నాడు. సగం లోతు కూడా పోకముందే ఆరిపోయింది. నాయన తాడు విప్పాడు.

ఇప్పుడు పదిమంది పాతర చుట్టూ కాపలా కూర్చున్నారు, నేను రాత్రికి ఏదీ బయటికి తీయకుండా. రేపు ఇదే వేళకు దిగుతారట. నాగప్ప చెంబు తీసుకుని రోడ్డు పట్టాడు. గంజి కేంద్రం అటే. పోలీసు టేషను కూడా అటే.

నాయన బండ మీద కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే —

"తాగితే ఎట్లుంటాదిరా అది?"

తెలీదు నాయనా. నేనెప్పుడూ తాగలేదు. సారు కూడా ఇంకా తాగలేదు.

గంజి పోసే వేళ దాటిపోయింది. నాగప్ప ఇంకా రాలేదు.