తేయాకు తోటలో పట్టుపురుగుల చదువు

జోర్హాట్ దగ్గరి తోట,
ఆషాఢ మాసం.

పెనుకొండలోని మా సరోజక్కకు చెల్లెలు భారతి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఎస్టీడీ బూత్‌లో నీ మాట సగమే వినపడింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇక్కడ తెల్లవారితే తోటంతా తెల్లటి పొగమంచు పరుచుకుంటుంది. ఆకు కోసే ఆడవాళ్ల తలలూ బుట్టలూ అందులో తేలుతున్నట్టు కనిపిస్తాయి. రేకుల మీద వాన చప్పుడుకు మెలకువ వస్తే, మన షెడ్డులో పట్టుపురుగులు మల్బరీ ఆకు మేస్తున్నాయనుకుంటాను. ఆకు వేద్దామని మంచం దిగి, కాసేపు ఎక్కడున్నానో తెలియక నిలబడిపోతాను. వంటకు అంతా ఆవనూనే. సంగటి తిని ఎన్నాళ్లయిందో! కానీ కడుపు మాడ్చుకోవడం లేదు, నిజంగా బాగానే ఉన్నాను.

హిందూపురం కాలేజీలో లెక్చరర్ పోస్టు పడిందని, వెంటనే అర్జీ పెట్టమని రాశావు. నాయన అన్న మాట కూడా రాశావు: "అంత సదువు సదివి, డాక్టరని పేరు తెచ్చుకోని, పురుగులు ఏరేదానికి ఆడికి పోయిండాదా? ఈడ పాఠం చెప్పుకుంటే గౌరవం కదా!"

ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. ఈలోగా ఇక్కడ ఒకటి జరిగింది.

తెగుళ్ల సంగతి చూడటానికి నన్ను పెట్టుకున్న ఈ తోటకు గొంగళి పురుగులు పట్టాయి. పొదలకు పొదలే బోడిగా మిగులుతున్నాయి. మేనేజరు బరువా గారు తోటంతా మందు కొట్టిద్దామన్నారు. నేను తిరిగి చూస్తుంటే ఒక మూల పురుగులు కొమ్మల చివరికి పాకి, తలకిందులుగా వేలాడుతున్నాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి తెల్లటి నీరు కారింది. ఆ ఏడాది మన షెడ్డులో పురుగంతా పాల రోగంతో పోతే, తట్టల ముందు కూలబడి "యాడ నుంచి వచ్చిందే ఈ మాయదారి రోగం?" అని ఏడ్చావే, ఆ రోగం మీదే కదా నేను డాక్టరేట్ చేసింది! మైక్రోస్కోపులో చూశాను. అచ్చం అదే కాదు, దానికి దగ్గరి చుట్టం. పురుగులకు జబ్బు పట్టింది, వాటంతట అవే చచ్చిపోవచ్చు.

"కచ్చితంగా చెప్పగలరా?" అన్నారు బరువా గారు.

"చెప్పలేను సార్. ఈ మూలనున్న ఒక్క సెక్షన్‌కు మందు కొట్టకుండా వదలండి. ఏది నిజమో అదే చెబుతుంది."

"పంట పోతే?"

"నేను చెబితేనే వదిలారని రాసిస్తాను."

ఒప్పుకున్నారు గానీ ముఖం చిట్లించుకున్నారు. ఆ వారమంతా వానలో తడుస్తూ అక్కడే తిరిగాను. మొదట్లో ఆకు ఇంకా పోయింది. ఇంటికి పరిగెత్తుకొచ్చి నీ పక్కన కూర్చోవాలనిపించింది. తర్వాత మెల్లగా, ఏ కొమ్మ చూసినా నల్లబడి వేలాడుతున్న పురుగులే. అది చూసి బరువా గారు మిగిలిన సెక్షన్లలో మందు ఆపించారు.

"ఇన్నేళ్లు చదివి ఏం నేర్చుకున్నారో ఇప్పుడు తెలిసింది" అన్నారు ఆయన. నేను నేర్చుకున్నది పురుగుల సంగతే అనుకుని ఉంటారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసేదాకా భయపడుతూనే నిలబడటం కూడా ఆ చదువే నేర్పిందక్కా. పాఠం చెప్పడం గొప్ప పనే. నాకు మాత్రం ఈ పని మీద మనసు పడింది.

అర్జీ పంపడం లేదు. నాయనకు కోపం తగ్గాక నువ్వే నిదానంగా చెప్పు. ఎవరి దగ్గరైనా వీలుంటే కాస్త చెనక్కాయల పొడి పంపించు. అవ్వకు, నాయనకు, బావకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెన ఉంటే ఎంత దూరమైనా నాకు దగ్గరే.

ఆ సెక్షన్‌లో నిన్న కొత్త చిగురు వేసింది. పొగమంచు విడిచేదాకా ఆ చిగుళ్ల మధ్యే నిలబడ్డాను.

నీ ప్రేమకు ఎప్పుడూ ఆశపడే చెల్లెలు,
భారతి