వాదీలోకి పోనివ్వలేదు

తమ్ముడూ,

ప్రార్థన చేసినా నిద్ర పట్టలేదు. అందుకే కలం పట్టాను. ఈ రోజు నేనొక మనిషిని కొట్టాను.

ఈ ఒమాన్ కొండల్లో వాదీ అనే ఈ ఎండు వాగులో వచ్చిన వరద నిన్ను తీసుకెళ్లి ఏడాదైంది. క్యాంపులో వంట నాదే. నీ డ్రైవర్ డ్యూటీ ఇప్పుడు రాజుది. పొద్దున శిఖరం మీద మబ్బు నల్లగా కమ్మినా, ట్రెక్కింగ్‌కి వచ్చినవాళ్లను బండెక్కించి ఎండిన వాదీలోకి బయల్దేరబోయాడు.

వద్దన్నాను.

"ఇక్కడ ఎండ మండిపోతోంది కదక్కా! పోయి కాఫీ కాచుకో" అని నవ్వాడు.

నువ్వూ అలాగే నవ్వి వెళ్లావు. ఇనప రోకలి తెచ్చి బండి ముందద్దం పగలగొట్టాను. "పిచ్చెక్కిందా నీకు?" అంటూ నా చెయ్యి మెలిపెట్టి తోశాడు. కిందపడి నా పెదవి చిట్లింది. లేచి రోకలితో అతని భుజం మీద కొట్టాను. కూలబడ్డాడు.

కాసేపటికి లోయ గర్జించింది. బండరాళ్లనూ ఖర్జూరపు చెట్లనూ దొర్లించుకుంటూ ఎర్రటి నీళ్లు వాదీ నిండా విరుచుకుపడ్డాయి.

రాజుకు కాఫీ పోశాను. చాలనడానికి ఇక్కడ కప్పు ఊపాలి కదా, అతను ఊపడం మరిచి తాగుతూనే ఉన్నాడు. నేను పోస్తూనే ఉన్నాను.

ఈ కాగితాలు నువ్వు వదిలివెళ్లిన బూట్లలో పెడుతున్నాను. దాచుకో. మన చర్చి సంఘంలో ఎవరికీ చూపించకు. వాళ్లకు నేనింకా గొంతెత్తని అక్కనే.