మంచు మీద రెండో ఎనిమిది

తమ్ముడికి అక్క ఆశీస్సులు. అందరం క్షేమం, కంగారుపడకు.

మంగళవారం పొద్దున పాలు కాచి, నీ కూతురికి జడ వేసి, స్కేటింగ్ మూడో మెట్టు పరీక్షకు తీసుకెళ్లాను. నున్నగా చదును చేసిన మంచు మీదికి ఒక్కో పిల్లనే వదులుతారు. ఒంటికాలి మీద ఎనిమిది అంకె వేస్తే, పడిన గీతను చూసి మార్కులు వేస్తారు.

మన పిల్ల వేసి వచ్చాక పరీక్షకురాలు వంగి చూసి, "ఎనిమిదులు రెండున్నాయేంటి? రెండోది ఎవరు వేశారమ్మా?" అంది. ఆ రెండో ఎనిమిది చిన్నది, మరీ తీరుగా ఉంది.

"నేనొకటే వేశానండీ. నాతోపాటు తిరిగిన ఆ పిల్లే బాగా వేసింది, తననే పాస్ చేసేయండి" అంది మీ గడుగ్గాయి. మాకెవరికీ మంచు మీద ఇంకో పిల్ల కనబడలేదు.

ఏది ఎవరిదో తేలక 'మళ్లీ రావాలి' అని రాశారు.

మరదలి మోకాలినొప్పి తగ్గిందా? పిల్లకు ఉన్ని మేజోళ్లు పంపు.

సాయంత్రం మీ బావా, నేనూ, అదీ కూర్చుని నిర్ణయించాం. వచ్చే నెల మళ్లీ వెళ్తుంది. నేను గట్టున నిలబడి ఇద్దరు పిల్లల కోసమూ ప్రార్థిస్తాను.