పంతొమ్మిదో భాగంలో మంచు

ఫిబ్రవరి 4

మళ్లీ అదే. నిన్న సెత్సుబున్ పండగ. దయ్యాలు పోవాలని గింజలు విసిరి, వయసుకు సరిపడా లెక్కపెట్టుకుని తింటున్నాం. నా మాట వచ్చేసరికి, మా చినామిదా, రోజంతా బొమ్మల సినిమాలు చూస్తూ కూర్చునే ఉద్యోగంలే అని అమ్మ పిన్నితో అంది. మధ్యలో చిప్స్ కూడా వాళ్లే ఇస్తారా అని బాబాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే మంట. నాలుగేళ్లు సినిమా చరిత్ర చదివానని, యాభై ఏళ్ల నాటి ఫిల్ముని ఫ్రేము ఫ్రేముగా కడుగుతున్నానని చెప్పబోయాను. ఇరవై ఆరూ తిన్నావా, ఇంకొకటి తిను, చిక్కిపోయావు అంది అమ్మ.

ఫిబ్రవరి 7

పాత టీవీ బొమ్మల సీరియల్ ‘ఉత్తరాల నక్క’ పంతొమ్మిదో భాగం శుభ్రం చేయడం పూర్తి. శబ్దంలో బుసబుస తీసేశాను, గాలి హోరు మాత్రం నిలిచింది. బొమ్మలో దుమ్ము పని సాఫ్ట్‌వేర్‌ది. ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో లేని చుక్క ఏదైనా దానికి దుమ్మే. తీవ్రత చివరిదాకా పెంచి భోజనానికి పోయాను. మా మేనేజర్ హొరియే గారు అందరినీ పిలిచి చూపించారు. తలంటు పోసినట్టుందమ్మా అన్నారు. వంగి నమస్కరించాను. చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 13

అప్పట్లో ఈ నక్కకు రంగులు వేసిన ఫుసాయె గారిని ప్రివ్యూకి పిలిచాం. ఎనభై ఒకటి. కూతురు మికికో గారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. పంతొమ్మిదో భాగం అయ్యాక ఆవిడ నావైపు వంగి, నక్క వాళ్లమ్మ బొరియకు వెళ్లేటప్పుడు మంచు పడాలి కదమ్మా అని అడిగారు. పళ్ల బ్రష్షుతో తెల్లరంగు చిలకరించారట, మూడు రోజులు, బొటనవేలు వాచిపోయేదాకా. అది ఇంకో కథేమోనమ్మా అంది కూతురు. నాతో గొంతు తగ్గించి, ఈమధ్య అన్నీ కలిపేస్తోందండీ, వచ్చేవారం డాక్టరుకు చూపిస్తున్నాం అంది. ఆవిడకు వినపడింది. నవ్వేశారు. ఏమోలే, నా బుర్రని నేనే నమ్మలేకపోతున్నాను అన్నారు. నా చెయ్యి తట్టి, ఎంత శుభ్రంగా చేశావు తల్లీ అన్నారు.

థాంక్యూ అన్నాను.

అదే రోజు, సాయంత్రం 6

అసలు స్కాన్ తీసి చూశాను. మంచు. ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట, వందల చుక్కలు. పక్క ఫ్రేములో దేనికీ జత లేదు. అందుకే పోయాయి.

నక్క ఊరికే భుజాలు ముడుచుకోవడం శుభ్రం చేసిన రోజే చూశాను. పాతకాలపు వాళ్లకు గీయడం రాలేదనుకున్నాను.

ఫిబ్రవరి 14

వాలెంటైన్స్ డేకి ఆడవాళ్లే ఇవ్వాలన్న ఆనవాయితీ ప్రకారం ఆఫీసులో మగవాళ్లందరికీ చాక్లెట్లు పంచాను. అది మాత్రం మర్చిపోలేదు.

ఫిబ్రవరి 15

హొరియే గారికి చెప్పాను. స్కాన్‌ని రెండుసార్లు చూశారు. సోమవారం మాస్టర్ కాపీ డిస్కులు తీసే ఫ్యాక్టరీకి వెళ్తోంది, తెలుసుగా అన్నారు. ఇది కనిపెట్టేది లోకంలో ఒక్క మామ్మ, ఆవిడకే నమ్మకం లేదు, నీకెందుకూ ఈ గోల అన్నారు. డిస్కుల డబ్బాలో వేసే పుస్తకంలో నీ పేరు కూడా ఉందమ్మా, ఇంట్లో చూపించుకో అన్నారు.

అమ్మ ఆ పేజీ బాబాయి ముక్కు ముందు పెట్టడం కళ్లకు కట్టింది. సరేనండీ అన్నాను. ఎంత తొందరగా అన్నానో రాయాలంటేనే సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 17

మికికో గారు ఫోన్ చేశారు. వాళ్లమ్మ ప్రివ్యూ రోజు నుంచి స్టూడియో ఊసే ఎత్తడం లేదట. మనవరాలు ఏదో అడిగితే, నన్నడక్కు బంగారం, కల్పించి చెప్పేస్తాను అందట. మీకు వీలుంటే పంతొమ్మిదో భాగం కథ కాగితం మీద రాసిస్తారా, అమ్మ ఎక్కడెక్కడ పొరపడుతోందో డాక్టరుకు చూపించాలి అని అడిగారు.

నా రాతా. సాక్ష్యంగా.

ఆఫీసు తాళాలు తెచ్చుకున్నాను. ఆదివారమంతా కూర్చుని ఆ సీన్ మట్టుకు సాఫ్ట్‌వేర్ చేసిన పని తీసేశాను. దుమ్ము చేత్తో ఏరాను. ఏది దుమ్మో ఏది మంచో తెలియని చోట వదిలేశాను.

ఫిబ్రవరి 18, ఉదయం 8

పంతొమ్మిదో భాగం ఆపమని, మంచు తుడిచింది నేనేనని ఫ్యాక్టరీకి నా పేరుతో రాశాను. హొరియే గారికి కాపీ పంపాను. లాప్‌టాప్ తీసుకుని ఫుసాయె గారింటికి వెళ్తున్నాను.