ఎరేజ్ పక్కన ఉండాల్సిన మాట

1997 జూన్ 16, సోమవారం

ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లే, టెంపరరీ. క్యాంపస్‌లో భూగర్భ జలాల ప్రాజెక్టు. జిల్లాలో ఏ బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలిచి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. దానికి వాళ్ళే రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాని మాన్యువల్ నూట నలభై పేజీలు. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో చదువుకునేట్టు దాన్ని హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చాలి. ఆగస్టులో ప్రాజెక్టు చూడ్డానికి ఢిల్లీ టీమ్ వస్తుంది, అప్పటికి అయిపోవాలి అన్నారు ప్రొఫెసర్ వెంకటసుబ్బారావుగారు.

అమ్మ తార్నాక చర్చిలో అందరికీ చెప్పేసిందట, మా ఎవాంజెలిన్ యూనివర్సిటీలో చేరింది అని. వినేవాళ్ళు నేనే ప్రొఫెసర్ననుకోవాలి.

జూన్ 25

మ్యాక్రో రాసి మొత్తం ఒకేసారి మార్చేశాను. ఇక తప్పులు దిద్దడం. ఒకచోట బోల్డ్ మొదలుపెట్టి ముగించలేదు, అక్కణ్ణించి చాప్టర్ చివరిదాకా అన్నీ లావక్షరాలే. ఇంకోచోట ముగింపు ట్యాగ్, అంటే ఇక్కడితో అయిపోయిందని బ్రౌజర్‌కి చెప్పే గుర్తు, లేక టేబుల్ టేబులే మాయం. ట్యాగ్ పెట్టగానే వచ్చేసింది. ఈ పని నాకు బాగా నచ్చింది.

పక్క సీటు రాజలింగుగారిది. డేటా ఎంట్రీ, డైలీ వేజ్. యాభై దాటుంటాయి. పదకొండేళ్ళ బావుల రిజిస్టర్లన్నీ ఆర్నెల్లు కూర్చుని ఆయనొక్కరే కొట్టారు. కీబోర్డు వైపు చూడనే చూడరు. మీ పేజీలు మంచిగున్నయ్ మేడం, పుస్తకం తిప్పే బాధ తప్పుతది అన్నారు.

జూలై 11, శుక్రవారం

అయిపోయింది. పేజీలన్నీ సర్వర్‌లో పెట్టాను. కాగితం పక్కన పెట్టుకుని లైను లైనూ సరిచూడమన్నారు సార్. తెర మీద చూశాను, చూడ్డానికి బాగున్నాయి. సరిచూశానని చెప్పాను.

జూలై 21, మధ్యాహ్నం 3

డేటా మొత్తం పోయింది.

పొద్దున సార్ రాజలింగుగారికి చెప్పారట, ఎనభై ఆరో సంవత్సరం రెండుసార్లు ఎక్కింది, ఒకటి తీసెయ్యమని. ఆయన నా పేజీ తెరిచి చూసి ఎరేజ్ అని కొట్టారు. నిజమా అని మెషీన్ అడిగింది. వై నొక్కారు. ఒక్క సంవత్సరం కాదు, పదకొండేళ్ళూ పోయాయి. బ్యాకప్ ఏడు ఫ్లాపీల్లో ఉంది. మూడోదాన్ని మెషీన్ చదవడం లేదు. ఒకటి చదవకపోతే ఏదీ రాదు.

సార్ అందరి ముందూ అరిచారు. ఏ సంవత్సరమో చెప్పకుండా ఎరేజ్ కొడతావా, బుద్ధుందా అన్నారు. మాన్యువల్ల గట్లనే ఉండె సార్, ఎరేజ్ అని ఒక్కటే ఉండె అన్నారు రాజలింగుగారు. సార్ అచ్చు పుస్తకం తెచ్చి విసిరారు. ఎరేజ్ పక్కన లెస్ దాన్, గ్రేటర్ దాన్ గుర్తుల మధ్య ‘ఇయర్’ అని స్పష్టంగా ఉంది.

నేను నా పేజీ తెరిచాను. ఎరేజ్ పక్కన ఏమీ లేదు. వ్యూ సోర్స్ నొక్కి, పేజీ వెనక నేను రాసిన అసలు రాత చూశాను. అక్కడ ఉంది. ఆ గుర్తుల మధ్య ఏది ఉన్నా బ్రౌజర్ ట్యాగే అనుకుంటుంది. తనకు తెలియని ట్యాగైతే చూపించదు. అంతే. మాన్యువల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

అదే రోజు, ఇంట్లో

సాయంత్రం అందరూ వెళ్ళాక దిద్దేశాను. లెస్ దాన్ గుర్తు తీసి దాని బదులు రాయాల్సిన కోడ్ రాశాను. మొత్తం అరవై రెండు చోట్ల. వేళ్ళు వాటంతటవే కొట్టాయి అని రాయబోయాను. అబద్ధం. నేనే కొట్టాను, తెలిసే కొట్టాను.

పాత పేజీ ఒక ఫ్లాపీలో దాచాను. ఎందుకు దాచానో తెలియదు.

జూలై 22

రాజలింగుగారు సార్‌ని బతిమాలి కంప్యూటర్ దగ్గరికి తీసుకొచ్చారు. చూడుండ్రి సార్, గీడ ఏం లేదు అంటూ పేజీ తెరిచారు. ఎరేజ్ పక్కన ఇయర్ ఉంది. ఆయన తెర దగ్గరికి వంగారు. వేలు పెట్టి తుడిచారు. నిన్న లేకుండె సార్ అన్నారు. నీ వయసుకి కళ్ళు చూపించుకోవాలయ్యా అని సార్ వెళ్ళిపోయారు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. తల ఎత్తలేదు.

జూలై 23

వెళ్ళలేదు. జ్వరమని ఫోన్ చేశాను. జ్వరం లేదు.

జూలై 25, శుక్రవారం

రాజలింగుగారు కళ్ళద్దాలతో వచ్చారు. ముషీరాబాద్‌లో చూపించుకున్నారట. డాక్టర్ నంబర్ తక్కువే ఉన్నది అన్నడు మేడం, మరి గంత పెద్ద అక్షరం నాకెందుకు కనబడకపాయె అని నన్నే అడిగారు. రాత్రి ఇంట్ల నిద్ర గూడ పడతలేదు, దిమాగ్ ఖరాబైందో ఏమో అన్నారు. ముప్పై ఒకటి నుంచి రావద్దన్నారట ఆయన్ని.

టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను. అమ్మ ఏమైందే అంది. చెప్పాను. అమ్మ తిడుతుందనుకున్నాను. ఆయనకి పిల్లలెంతమంది అని అడిగింది. నాకు తెలియదు. నెలన్నర నుంచి పక్కనే కూర్చుంటున్నాను.

జూలై 26

ముందు సార్ దగ్గరికి కాదు, రాజలింగుగారి దగ్గరికే వెళ్ళాను. ఫ్లాపీ పెట్టి పాత పేజీ చూపించాను. మీ కళ్ళు బాగానే ఉన్నాయి, అక్కడ లేదు, నేనే తర్వాత దిద్దాను అన్నాను.

చాలాసేపు చూశారు. అద్దాలు తీసి కూడా చూశారు. తరువాత అన్నారు, తప్పయితది, ఎవరికైనా అయితది. దిద్దినంక నన్ను పిచ్చోన్ని చేసి నిలబెట్టినవ్ చూడు, గది తప్పు గాదు. మేడం అనలేదు. నువ్వు అన్నారు.

ఇద్దరం సార్ గదిలోకి వెళ్ళాం. అంతా చెప్పాను, సరిచూశానని అబద్ధం చెప్పిన సంగతితో సహా. సార్ ముందు నమ్మలేదు. ఫ్లాపీ చూశాక లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఢిల్లీ వాళ్ళకి ఏమని చెప్పాలి నేను అన్నారు. రాజలింగుగారికి సారీ చెప్పలేదు. ముప్పై ఒకటి మాట మళ్ళీ ఎత్తలేదు, అంతే.

జూలై 28

సార్ తేల్చేశారు. రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించాలి. రాజలింగుగారు చదవాలి, నేను కొట్టాలి. అది పూర్తయిన రోజు నా ఉద్యోగం కూడా పూర్తి. ఇక్కడ పనిచేసినట్టు సర్టిఫికెట్ అడగొద్దన్నారు. సరే అన్నాను.

ఆగస్టు 14, గురువారం

ఢిల్లీ టీమ్ వచ్చి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు సార్ చెప్పేశారు. నా పేరు చెప్పలేదు. డిసెంబర్‌లో మళ్ళీ వస్తారట.

మేము మూడేళ్ళవి ఎక్కించాం. రాజలింగుగారు అంకెలు తప్ప ఒక్క మాట మాట్లాడరు. టీకి కూడా విడిగానే వెళ్తారు. అడిగితే ఇద్దరు ఆడపిల్లలు అన్నారు, ఆ వెంటనే తర్వాతి బావి నంబర్ చదివారు.

సెప్టెంబర్ 12

తొంభై మూడు, మే. రిజిస్టర్‌లో ఒక బావికి అంకె లేదు, గీత ఉంది. సున్నా కొట్టబోయాను. రాజలింగుగారు చెయ్యి అడ్డం పెట్టారు. సున్నా అంటే అంచు దాక నీళ్ళున్నట్టమ్మా, ఇది ఎండిన బావి, ఖాళీగ ఇడువు అన్నారు. విడిచాను.