పెద్ద మేపుల్ పక్కన షెడ్డు

మార్చి 2
కాఫీ షాపులో ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి మా కాలేజీ సగం క్యూలో నిలబడింది. నేను ఆ క్యూ వదిలేసి శనివారాలు శ్యామల ఆంటీ మేపుల్ అడవికి, చెట్ల నీటితో పాకం కాచే పనికి వెళ్తున్నాను. ఆవిడ రిటైరైన డాక్టరు; అంకుల్ పోయాక అడవిని ఒక్కరే చూసుకుంటున్నారు. ఈరోజు నీరు దిగేందుకు చెట్లకు రంధ్రాలు వేశాం. కుళాయి బిగించగానే తొలి చుక్క... నీళ్లే, చివర్లో కాస్త తీపి.

మార్చి 9
రాత్రి గడ్డకట్టే చలి, పగలు ఎండ. బకెట్లు నిండాయి. షెడ్డులో రోజంతా ఆ నీరు పాకమయ్యేదాకా మరగబెట్టడమే. పాకం గరిట నుంచి పొరలా జారితే దించాలి — రెండో వాయి నేనే దించాను. జుట్టంతా బెల్లం పాకం వాసన. పక్కన కూర్చుంటే ఆకలేస్తోందని రూమ్మేట్ హారిక గోల.

మార్చి 16
మంచి చెట్టుకు ఎండ తగలాలంటే దాని మీద పడుతున్న వంకర చెట్లను తీసేయాలి. కొట్టాల్సినవాటికి నారింజ రంగు పూసుకుంటూ వచ్చి, షెడ్డు పక్కనున్న పెద్ద మేపుల్ దగ్గర ఆగాను. కాండం నిలువునా చీలింది. మొదలు దగ్గర పుట్టగొడుగులు, అంటే లోపల కుళ్లు. వాలింది షెడ్డు మీదకే. అంకుల్ మొట్టమొదట కుళాయి పెట్టిన చెట్టు.
దీన్నీ కొట్టేయాలని చెప్పేశాను. ఆంటీ రంగు డబ్బా మూత బిగించి కారు వైపు నడిచారు. మా కాలేజీ ఉన్న ఒషావా వచ్చేదాకా కారులో రేడియో వార్తలే.

మార్చి 17
చెప్పకుండా ఉండాల్సిందా? పెద్ద గాలి వస్తే లోపల పొయ్యి దగ్గర ఉండేది ఆవిడే కదా.

మార్చి 23
పెద్ద చెట్టు తొర్రలో వడ్రంగిపిట్ట. ఆంటీ చాలాసేపు చూశారు. తర్వాత, చాలా మామూలుగా — "చెట్టు జోలికి వెళ్లొద్దమ్మా. షెడ్డునే జరుపుదాం. చెక్కలేగా, విప్పి మళ్లీ కట్టుకోవచ్చు."
నాకు తట్టనే లేదు! పొయ్యి ఆరుబయటికి మార్చాం. మంచులో కుర్చీలేసుకుని పులిహోర. ఆంటీ మళ్లీ కబుర్లలో పడ్డారు.

మార్చి 30
మొగ్గలు ఉబ్బాయి. దాంతో పాకం రుచి మారింది. ఈ ఏటికి ఇంతే. కుళాయిలు పీకి కడిగాం.

ఏప్రిల్ 3
విమానంలో నాలుగు గంటల దూరంలో ఉన్న కాల్గరీ నుంచి జాబ్ ఆఫర్. కోర్సు అవగానే, మేలో చేరాలి. ఈ దేశం వచ్చింది దీనికోసమే. హారిక కేకు తెచ్చింది. సంతోషమే.

ఏప్రిల్ 6
ఆంటీకి చెప్పాను. మంచి కబురన్నారు, వెళ్లమన్నారు. టీ పోస్తూ — "మట్టి ఆరాక షెడ్డు మొదలుపెడతా. ఎక్కడ కడితే బాగుంటుందో నువ్వే చూసి చెప్పు."
నీళ్లు నిలవని చోటు వెతికాను. నాలుగు మూలలా కర్రలు పాతాను. పొగ ఎటు పోవాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి... సాయంత్రం దాకా అక్కడే.
కాల్గరీకి ఇంకా జవాబు రాయలేదు.