చేప లేదనని వాడ

అయ్యా,

విషయం: మా వాడలో నిలిపివేసిన షుగరు క్యాంపును తిరిగి పెట్టించుట గురించి.

ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి సముఖమునకు, పొడంపేట దగ్గరి జాలరివాడ కాపురస్థుడు కూర్మయ్య విన్నపము. నోటితో చెప్పుకుందామని వస్తే తమ గుమాస్తా "లేఖికి ఆణ", అంటే రాసి తెమ్మని, పంపేశాడు. అందుకే రాసుకొచ్చాను. తమరికి తెలుగు వచ్చునని విని ఒడియాలో వ్రాయించలేదు.

1. గుడ్లు పెట్టవచ్చే తాబేళ్ల రక్షణ కోసం సముద్రంలో చేపల వేట ఆపిన నెలల్లో సర్వే వారు మా వాడకు విచ్చేసి, వారానికి ఎన్నిసార్లు చేపలు తింటారని ఇంటింటా విచారించియున్నారు. సదరు ప్రశ్నకు ఆడవారందరూ "రోజూ" అని జవాబిచ్చియున్నారు.

2. తదుపరి, చేపలు బాగా తినేవారికి షుగరు ముప్పు తక్కువని తలచి, క్యాంపును వేరే ఊరికి తరలించడమైనది.

3. అయ్యా, ఆ జవాబు అబద్ధం. జాలరి ఇంట్లో చేప లేదని బయటివారి ముందు అనకూడదు. అంటే గంగమ్మ తల్లి విని అదే నిజం చేస్తుందని మా వాళ్ల భయం. పొయ్యి మీద ఏమీ లేకపోయినా, అడిగిన వారికి చేపల కూరనే చెబుతారు. వేట ఉన్న రోజుల్లోనైనా మంచి చేప ఐసులో పడి బరంపురం పోతుంది. మేము తినేది పూటపూటా రేషను బియ్యం, గంజి, ఉప్పు, మిరపకాయ. షుగరు రాకేం చేస్తుంది?

4. నా భార్య కాసమ్మకు కాలి బొటనవేలి దగ్గర పుండు మానడం లేదు. క్యాంపు ఉండగా నర్సమ్మ కట్టు మార్చి మాత్రలు ఇచ్చేది. ఇప్పుడు బరంపురం పెద్దాసుపత్రికి రమ్మంటే, "ఈ కాలేసుకుని ఆ లైన్లో నిలబడనేను. నువ్వే ఎల్లు, నా కాలట్టుకెల్లు" అంటుంది. నిన్న పుండు నల్లబడింది. నాకు భయంగా ఉంది. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

కావున సర్వే వారిని మళ్లీ పంపించండి. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు, మధ్యాహ్నం వచ్చి కుండ మూత తీసి చూస్తే చాలు. క్యాంపు మళ్లీ పెట్టించండి. అలసిపోయి ఉన్నాను, మర్యాద తగ్గినచోట మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కూర్మయ్య

మరొక మాట: రోగి వేలిముద్ర కూడా ఉండాలని గుమాస్తా చెప్పాడు. ఇదంతా చదివి వినిపిస్తే కాసమ్మ, "మనింట్లో సేప నేదని ఆఫీసుకి రాత్తావేటి? ముందు ఆ ముక్క కొట్టీ, అప్పుడేత్తాను ముద్ర" అంది. నేను ఆ ముక్క కొట్టివేయలేదు. కొడితే క్యాంపు రాదు. ముద్ర లేదని కాగితం వెనక్కి పంపకండి. పుండు ఆవిడదే. వచ్చి చూసుకోండి.